వేసవి సెలవుల్లో సోలార్ లీడ్లు: గూగుల్ షీట్స్‌లో ఒకే ఒక్క కాలమ్ గురించి

“ఊరెళ్తున్నామండీ, వచ్చాక చూద్దాం.” ఇంటి మీద సోలార్ అమ్మేవాళ్లకి బడులు మూసిన రోజు నుంచి జూన్ రెండో వారం దాకా వినబడే మాట ఇదే. కరెంటు బిల్లు చూసి గుండె గుభేలుమని, జనం తమంతట తామే ప్యానెళ్ల సంగతి అడిగేదీ ఈ రోజుల్లోనే. ఇలా అడిగినవాళ్లనే మేం లీడ్లు అంటాం. ఆసక్తి ఉంటుంది, మనిషి ఊళ్లో ఉండడు. ఈ చిక్కుకి 2024 వేసవి నుంచి గూగుల్ షీట్స్ వాడుతున్నాం. పేరు, ఫోను, కిలోవాట్ల కాలమ్‌లు అందరికీ ఉండేవే. మా వ్యాపారాన్ని నిలబెట్టింది “మళ్లీ ఎప్పుడు” అన్న కాలమ్.

అందులో తేదీ తప్ప మాట రాయకూడదు. “వచ్చాక” అంటే ఎవరొచ్చాక అని అక్కడే అడగాలి. పిల్లల బడి కోసమైతే తెరిచిన వారంలోని శని, ఆదివారాలు. అమెరికా నుంచి అమ్మాయి వచ్చి డబ్బు సంగతి తేల్చాలంటే, టికెట్ తేదీకి నాలుగు రోజులు కలపండి, ముందు నిద్ర తీరాలి కదా. “ఆషాఢం వెళ్లనీ” అంటే 2025లో జూలై 25. 2026లో అధిక జ్యేష్ఠం పడి శ్రావణం ఆగస్టు 13కి జరిగింది, కాబట్టి పాత షీటు కాపీ చేసుకునేవాళ్లు ఇది సరిచూసుకోవాలి.

“మీటరు ఎవరి పేరున” అన్న కాలమ్ దీనికి తోడు. మూడు కిలోవాట్లకి వచ్చే 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీకి దరఖాస్తు పేరు, కనెక్షన్ పేరు ఒకటే కావాలి. మీటరు పోయిన తాతగారి పేరునే ఉంటే ముందు పేరు మార్పిడి, దానికి వారసుల సంతకాలు. అలాంటి ఇంటికి జూన్ తేదీ వేయకండి. అన్నదమ్ములు, ఆడపడుచులు అందరూ ఒకచోట దొరికేది మేలోనే.

ఇక పక్క ట్యాబ్‌లో ఫిల్టర్ ఫార్ములా: “మళ్లీ ఎప్పుడు” ఇవాళ్టిది గానీ అంతకు ముందుది గానీ అయి, పని ముగియని వరసలు మాత్రమే కనపడాలి. పొద్దున ఏడింటికి ఫోను తెరిస్తే ఆ రోజు తిరగాల్సిన ఇళ్లు సిద్ధం. పదింటి లోపు కొన్ని, సాయంత్రం అయిదున్నర దాటాక మిగతావి. మధ్యాహ్నం కొటేషన్ల పని పెట్టుకోవాలి. ఆ ఎండలో బెల్లు కొట్టినవాణ్ణి ఎవరూ మర్యాదగా చూడరు.

అంతా బాగానే ఉంది గానీ, లొకేల్, అంటే తేదీని ఏ దేశపు పద్ధతిలో చదవాలో చెప్పే సెట్టింగు, అమెరికాది అయితే ఇదే కాలమ్ నిలువునా ముంచుతుంది. నెట్‌లో దొరికిన నమూనా షీటు కాపీ చేసుకుంటే తరచూ ఆ సెట్టింగే వస్తుంది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. బడి తెరిచే 12/6/2025 అని కొడితే అది డిసెంబరు 6 అవుతుంది. 5/6 కొడితే మే 6 అయి, ఊరెళ్లినవాళ్ల ఇంటికే పంపుతుంది. 14/6 లాంటివి తేదీగా పనికిరావు కాబట్టి ఉత్త అక్షరాలుగా ఉండిపోతాయి. షీట్స్ లెక్కలో అక్షరం ఎప్పుడూ అంకె కన్నా పెద్దదే, అందుకని “ఇవాళ్టి లోపు” అన్న షరతుకి ఆ వరస ఎన్నటికీ లోబడదు. తప్పు అని ఎర్ర గీత కూడా రాదు. లీడు మాయం, అంతే.

టైమ్ జోన్ మరో దొంగ. అది కాలిఫోర్నియాది అయితే వేసవిలో మనకి మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యేదాకా షీటుకి “ఇవాళ” అంటే నిన్నే.

కంప్యూటర్‌లో ఫైల్, సెట్టింగ్స్‌కి వెళ్లి లొకేల్ ఇండియాకి, టైమ్ జోన్ కోల్‌కతాకి మార్చండి. మొదటి పేరు ఎక్కించక ముందే మార్చాలి, ఎందుకంటే తప్పుగా పడ్డ పాత తేదీలు వాటంతట అవి దిద్దుకోవు. అక్షరాలుగా పడ్డవి గడిలో ఎడమకి, తేదీలు కుడికి ఉంటాయి, వెతకడానికి అదే గుర్తు. గడిలో తేదీ తప్ప ఇంకేదీ పడనివ్వని డేటా వాలిడేషన్ పెడితే అక్షరాలు ఆగుతాయి గానీ తారుమారైన తేదీ దర్జాగా దూరిపోతుంది. నెల అంకెలో కాకుండా పేరుతో కనపడే ఫార్మాట్ పెడితే డిసెంబరు అన్నది వెంటనే కంటపడుతుంది.

ఈ షీటు మోగదు, గుర్తుచేయదు, తెరిస్తేనే చెప్తుంది. నలుగురు పంచుకుంటే ఒకరు సార్ట్ చేయగానే అందరికీ వరసలు మారతాయి, ఎవరి వరసలు వాళ్లకే మారే ఫిల్టర్ వ్యూ అలవాటు చేయాలి. మా లాగా ఇద్దరు ముగ్గురు తిరిగే చిన్న టౌను వ్యాపారానికి ఇది చాలు. టెలికాలర్లను పెట్టుకున్నవాళ్లు మాత్రం అలారం మోగించే సీఆర్ఎం, అంటే కస్టమర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్, కొనుక్కోవడమే మేలేమో. ఏది కొన్నా ముందు 12/6 అని కొట్టి ఏ నెల చూపిస్తుందో చూడండి.