లాడ్జి గుమస్తాకు ఏ ఆధార్ ఇవ్వాలి?

తిరుపతి లాడ్జీలలో గది తీసుకునే యాత్రికుడు పూర్తి ఆధార్ జిరాక్సు ఇవ్వవచ్చు, లేదా మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. మొదటిది చేతిలో సిద్ధంగా ఉంటుంది. అయితే 12 అంకెలూ, పుట్టిన తేదీ, చిరునామా ఉన్న ఆ కాగితం ఏ అట్టపెట్టెలో చేరుతుందో, వాట్సాప్‌లో పంపిన ఫొటో గుమస్తా ఫోను మార్చినప్పుడు ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు. రెండవదైన మాస్క్‌డ్ ఆధార్‌లో ఆ 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనిపిస్తాయి. ఆధార్‌తో ముడిపడిన ఫోనుకు వచ్చే ఓటీపీతో ఆధార్ జారీ చేసే సంస్థ ఉడాయ్ (UIDAI) వెబ్‌సైటు నుంచి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పేరు, ఫొటో, చిరునామా మాత్రం అందులోనూ దాగవు. కొండకు వెళ్లే తొందరలో గుమస్తాతో వాదించడం కష్టమే గాని, నేను ఇంటి దగ్గరే ఆ మాస్క్‌డ్ ప్రతిని అచ్చు తీయించుకుని బయలుదేరతాను. అసలు కార్డు అడిగితే చూపిస్తాను, దాని నకలు మాత్రం వదిలి రాను.