సర్కారు వారి నోటీసులకు జిరాక్స్ షాపు మార్కులు

గోదావరి జిల్లాలో మాదొక మండల కేంద్రం. తహసీల్దారు ఆఫీసు గేటుకి ఎదురుగా, టీ బండి పక్కన రెండో షట్టరు నాది. జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. పద్నాలుగేళ్లుగా ఇదే పని. జనం బిర్యానీకీ, మిక్సీకీ, సెల్‌ఫోన్‌కీ రివ్యూలు రాస్తున్నారు కదా. నేను రోజూ వాడేది, నాకు అన్నం పెట్టేది ప్రభుత్వం అంటించే కాగితం. అందుకని దానికి రాస్తున్నాను. తప్పు చేసిన ఆఫీసు పేరు మాత్రం ఎక్కడా చెప్పను. రోడ్డు దాటితే వాళ్లే, సాయంత్రం టీ కూడా ఒకే బండి దగ్గర తాగాలి.

కాపీకి 2 రూపాయలు తీసుకుంటాను. చదివి చెప్పినందుకు ఏమీ తీసుకోను. కానీ నా షాపుకి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఆ రెండో పని కోసమే వస్తారు. "అమ్మాయ్, ఇందులో ఏం రాశారో కాస్త చూసి పెట్టు" అంటూ కాగితమో ఫోనో బల్ల మీద పెడతారు. అందువల్ల ఏ శాఖ చెప్పింది జనానికి ఎంతవరకు ఎక్కుతుందో నాకు తెలిసినంతగా ఆ శాఖకి కూడా తెలియదేమో అనిపిస్తుంది.

మొన్న సార్వా ఊడ్పులప్పుడు ఒక పెద్దాయన వచ్చారు. వరసకి బాబాయ్ అంటాను. ఒక పథకం డబ్బులు పడలేదని ఫోన్‌లో స్టేటస్ తీయించుకున్నారట, అందులో "ల్యాండ్ సీడింగ్: నో" అని ఉంది. కాలేజీ చదివే మనవడు దానికి అర్థం కూడా చెప్పాడు. సీడింగ్ అంటే విత్తనాలు వేయడం తాతా, నువ్వు పొలంలో విత్తనాలు వేయలేదని రాశారు అని. ఇక బాబాయ్ కోపం చూడాలి. "నారు పోశాం, ఊడ్పులు కూడా అయిపోవచ్చాయి. వేయలేదని ఎవడొచ్చి చూశాడమ్మాయ్? గట్టు మీదకి రమ్మను, చూపిస్తా" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. మనవడి తప్పు ఏముంది, డిక్షనరీలో అర్థం అదే. అక్కడ ఉండాల్సిన మాట "మీ పొలం వివరాలు మీ ఆధార్‌కి ఇంకా కలపలేదు. రైతు సేవా కేంద్రంలో అడగండి" అని. ఒక్క లైను. ఆ లైను లేకపోవడం వల్ల బాబాయ్ రెండు పూటలు పని మానుకుని తిరిగారు. ఈ మెసేజీకి నా మార్కులు పదికి ఒకటి. ఆ ఒకటి కూడా, డబ్బులు పడవని ముందే చెప్పినందుకు.

దీని తమ్ముడు ఇంకొకడున్నాడు, ఎన్‌పీసీఐ. ఈ మాట ఇప్పుడు మా ఊళ్లో తెలుగు మాటే. "నీది ఎన్‌పీసీఐ అయిందా?" అని చేపల మార్కెట్లో కూడా అడుగుతారు. నిజానికి అది బ్యాంకుల మధ్య డబ్బు పంపకం నడిపే సంస్థ పేరు. దాంతో మనకేం పనో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు మనం అప్లికేషన్‌లో రాసిన అకౌంట్‌కి పోదు. ఆధార్‌ని చివరిసారి ఏ బ్యాంకులో లింక్ చేయించామో అక్కడికి పోతుంది. ఈ రెండు ముక్కలు తెలియక ఒకావిడ మూడు నెలలు పాత పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుంటూనే ఉంది. డ్వాక్రా లోను కోసం వేరే బ్యాంకులో తెరిచిన కొత్త అకౌంట్లో డబ్బు హాయిగా కూర్చుని ఉంది. ఆ సంగతి తెలిశాక ఆవిడ నన్ను తిట్టింది. ఎవరినో ఒకరిని తిట్టాలి కదా, దగ్గర్లో నేనున్నాను.

బాగా చెప్పినవి లేవా అంటే ఉన్నాయి. పింఛను. ఒకటో తారీకు, ఇంటి దగ్గరికి, నాలుగు వేలు. తేదీ, చోటు, మొత్తం, అంతే. 2024 జూలై 1న ఒక్కసారి ఏడు వేలు ఇచ్చినప్పుడు చూశాను. పెంచిన మొత్తం నాలుగు వేలు, ఏప్రిల్, మే, జూన్ నెలలకి నెలకి వెయ్యి చొప్పున బాకీ మూడు వేలు. ఈ లెక్క నాకు చెప్పింది అధికారి కాదు, వేలిముద్ర వేసే మా వీధి మామ్మగారు. వేళ్లు మడిచి మరీ చెప్పారు. చదువురాని మనిషి పక్కవాళ్లకి తిరిగి చెప్పగలిగిందంటే ఆ విషయం చెప్పడం వచ్చినట్టే. పదికి తొమ్మిది. పూర్తి మార్కులు మా లెక్కల మాస్టారు కూడా ఎప్పుడూ వేయలేదు, నేనూ వేయను.

దాని పక్కనే 2025 జూన్‌లో పడిన తల్లికి వందనం డబ్బు, అంటే పిల్లల్ని చదివించే తల్లులకిచ్చేది, పెట్టి చూడండి. 15 వేలు అన్నారు, తల్లుల అకౌంట్లలో 13 వేలు పడింది, మిగతా 2 వేలు స్కూలు నిర్వహణకి. ఈ సంగతి ప్రభుత్వం చెప్పింది, పేపర్లలోనూ వచ్చింది. కానీ పేపరు చదివేవాళ్లు నా షాపుకి రారు. "రెండు వేలు ఎవరు తిన్నారక్కా?" అని అడిగినవాళ్లకి ఆ వారమంతా అదే తీసివేత చేసి చూపించాను. డబ్బు పడినట్టు వచ్చే మెసేజీలోనే ఆ రెండు వేల మాట కూడా ఉంటే నాకంత పని ఉండేది కాదు.

పథకాల అర్హతల విషయంలో మా రాష్ట్రం వాళ్లకి బాగా నోటికి వచ్చినది ఆరంచెల పరిశీలన. అందరూ సిక్స్ స్టెప్ అంటారు. పల్లెల్లో నెల ఆదాయం 10 వేల లోపు, మాగాణి మూడెకరాల లోపు, మెట్ట అయితే పదెకరాల లోపు, కరెంటు నెలకి 300 యూనిట్ల లోపు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు, కారు ఉండకూడదు, ట్రాక్టరూ ఆటో అయితే ఫరవాలేదు. అంకెలతో చెప్పారు కాబట్టి జనానికి గుర్తుంది. ఎవరికి వచ్చింది, ఎవరికి ఎందుకు రాలేదు అని గ్రామ సచివాలయం గోడకి జాబితా అంటించడం కూడా నాకు నచ్చిన పని. గోడ మీది పేరు వీధంతా చదువుతుంది, దాచడానికి ఉండదు.

అయితే ఆ జాబితాలోనే ఒకసారి ఇలా జరిగింది. రేకుల ఇల్లు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ ఉన్న కుటుంబం. కారణం గడిలో "300 యూనిట్లు దాటింది" అని ఉంది. వాళ్ల కరెంటు బిల్లులన్నీ నా దగ్గరే జిరాక్స్ తీశాం, ఏ నెలా 90 దాటలేదు. మూడు వారాలు తిరిగాక తేలింది. ఎప్పుడో కాకినాడలో అద్దెకున్నప్పుడు ఆ ఇంటి మీటరుకి ఈయన ఆధార్ ఎక్కింది. ఆ ఇంటివాళ్లు ఇప్పుడు ఏసీలు వేసుకుని చల్లగా ఉన్నారు. కారణం చెప్పారు గానీ మీటరు నంబరు చెప్పలేదు. ఆ నంబరు పక్కన వేసి ఉంటే ఆ సాయంత్రానికే తేలిపోయేది.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఇంకొకటి ఉంది. "నిబంధనల ప్రకారం తిరస్కరించడమైనది." అంతే, ఇంకేమీ ఉండదు. ఏ నిబంధన? ఎన్నోది? మళ్లీ పెట్టుకోవచ్చా, ఎవరినైనా అడగవచ్చా? ఎలా దరఖాస్తు చేయాలో చెప్పడానికి ఫ్లెక్సీలున్నాయి, వీడియోలున్నాయి, చెత్త బండి మైకులో పాటలు కూడా ఉన్నాయి. దరఖాస్తు ఎందుకు పోయిందో చెప్పడానికి ఎవరూ లేరు. పద్నాలుగేళ్ల నా అనుభవంలో అన్ని శాఖలకూ ఉన్న ఒకే జబ్బు ఇది. లోపలికి దారి ఎర్ర తివాచీ పరిచి చూపిస్తారు, బయటికి ఎటు పోవాలో చూపించరు. దీనికి సున్నా.

భాష సంగతి కూడా కొంచెం చెప్పాలి. "ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా" అని మొదలయ్యే నోటీసులో అసలు విషయం నాలుగో లైనుకి గానీ రాదు. నా చిన్నప్పుడు మా ఊళ్లో చాటింపు వేసేవాడు, పంచాయతీ వాళ్లు ఇచ్చిన ఇలాంటి కాగితమే జేబులో పెట్టుకుని, డప్పు మీద రెండు దెబ్బలు వేసి, "రేపు పొద్దున్నే స్కూలు దగ్గర పశువులకి సూదులు వేస్తారహో" అనేవాడు. ఏ రోజు, ఎక్కడ, ఏమిటి అన్నీ ఒక్క ఊపిరిలో వచ్చేసేవి. 1966 నుంచి తెలుగు మనకి అధికార భాష. కానీ ఆ డప్పు తెలుగు ఇంకా ఆఫీసు గడప ఎక్కలేదు.

ఎక్కిన సందర్భాలు లేకపోలేదు. రీసెటిల్‌మెంట్ రిజిస్టరు అనే పాత భూముల పుస్తకంలో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములుంటాయి. జనం వాటిని చుక్కల భూములన్నారు. ప్రభుత్వం కూడా ఆ మాటే పట్టుకుని 2017లో చట్టం చేసింది. చుక్కల భూమి అంటే అర్థం కాని రైతు ఉండడు. అదే 22ఏ చూడండి, అది రిజిస్ట్రేషన్ చట్టంలో ఒక సెక్షన్ నంబరు. రిజిస్ట్రేషన్ కుదరని భూముల జాబితా అని చెబితే సరిపోయేదానికి "మీది 22ఏలో పడింది" అంటారు. బావిలో పడ్డట్టు జనం గుండె జారిపోతుంది. సగం మంది మొహంలో ఆ టెన్షన్ చూసి నేనే ముందు కుర్చీ వేస్తాను.

రీసర్వే అని భూములు మళ్లీ కొలిచిన ఊళ్లలో సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చినప్పుడు కూడా ఇంతే. తాతల నాటి నంబరు పాసు పుస్తకంలో కనబడకపోతే పొలమే పోయిందనుకున్నారు. ఆ రోజుల్లో ఒక సర్వేయరు నా షాపు ముందు నిలబడి ఒక ముసలాయనకి చెప్పింది విన్నాను. "మన వీధిలో పాత డోరు నంబర్లు తీసేసి కొత్తవి వేశారు కదండీ, ఇల్లు ఎక్కడికైనా కదిలిందా? పొలానికీ అంతే." ముసలాయన బీడీ వెలిగించుకుని వెళ్లిపోయాడు. ఆ కుర్రాడు తర్వాత బదిలీ అయ్యాడు. అతను చెప్పిన ఆ మాట ఏ కరపత్రంలోనూ అచ్చు కాలేదు.

2019 అక్టోబర్ 2న సచివాలయాలు వచ్చాక నాకు గిరాకీ తగ్గుతుందని భయపడ్డాను. తగ్గింది కూడా. మా సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌గా ఉన్న అమ్మాయి, వచ్చినవాళ్లని కూర్చోబెట్టి స్క్రీన్ అటు తిప్పి చూపిస్తుంది. స్క్రీన్ తిప్పడం చిన్న పనిలా ఉంటుంది గానీ రోడ్డుకి ఆ వైపు నేను ఇంకెక్కడా చూడలేదు. తర్వాత 2025 జనవరి 30న మన మిత్ర వచ్చింది. 95523 00009కి వాట్సాప్‌లో హాయ్ అని పెడితే చాలు, మొదట్లోనే 161 సేవలు. మెనూ తెలుగులో ఉంటుంది, సర్టిఫికెట్ ఫోన్‌లోకే వస్తుంది. నా కడుపు కొట్టేదాన్ని నేనే పొగుడుతున్నాను, పదికి ఎనిమిది. చదవడం, నొక్కడం వచ్చినవాళ్లకి ఇది పండగే. రానివాళ్లు ఆ ఫోన్ పట్టుకుని యథాప్రకారం నా బల్ల దగ్గరికే వస్తారు.

ఎక్కడా జవాబు దొరకనప్పుడు నేను సమాచార హక్కు దరఖాస్తు రాసి పెడతాను. ఊరి స్థాయిలో అయితే ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. చిత్రం ఏమిటంటే, ఎవరూ అడగకుండానే ప్రతి ఆఫీసూ తనంతట తానే బయటపెట్టాల్సినవి 2005 నాటి ఆ చట్టం నాలుగో సెక్షన్‌లో 17 రాసి ఉన్నాయి. ఆఫీసు చేసే పనులు, ఏ అధికారికి ఏ అధికారం ఉంది, పథకాల లబ్ధిదారులు ఎవరు, అన్నీ అందులోనే. సమాచార అధికారి పేరుతో బోర్డు కూడా ఉండాలి. నేను చూసిన ఒక బోర్డు మీద పేరున్న ఆయన అప్పటికి రెండు బదిలీలు దాటి, మూడో ఊళ్లో రిటైరై కూడా ఉన్నారు.

ఇక నా సొంత గొడవ ఒకటి చెప్పి షట్టరు దించుతాను. ఒక ఆఫీసు గోడ మీద కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ గురించి నోటీసు ఉండేది. "దరఖాస్తుదారులు సంబంధిత ధ్రువపత్రములు జతపరచి సమర్పించవలెను." సంబంధిత అంటే ఏవో లేదు. ఇంటి మనిషి పోయిన బాధలో ఉన్నవాళ్లు ఒక్కో కాగితం కోసం నాలుగేసి సార్లు రోడ్డు దాటేవారు. ప్రతిసారీ నాకు 2 రూపాయలు వస్తుంది, నిజమే. కానీ చూడలేక, లోపల ఏమేం అడుగుతున్నారో వచ్చినవాళ్ల దగ్గరే కూడగట్టి, లావు అక్షరాలతో టైపు చేసి షాపు అద్దానికి అంటించాను. పోయినవారి డెత్ సర్టిఫికెట్, ఇంట్లో అందరి ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు. కింద ఇంకో లైను: "పేర్లలో స్పెల్లింగ్ తేడా ఉంటే ముందే చెప్పండి, లోపలికి వెళ్లాక కాదు."

పది రోజులకి ఆ ఆఫీసు నుంచే అటెండరు వచ్చాడు. అద్దం మీది కాగితం చూపించి, "అక్కా, సారు ఇది ఇరవై కాపీలు తెమ్మన్నారు, మా గోడకి వేయడానికి" అన్నాడు. ఇచ్చాను. అంటించారు కూడా, నా షాపు ఫోన్ నంబరు కత్తెరతో నీట్‌గా కత్తిరించి. ఆ 40 రూపాయలు ఇంకా రాలేదు. అడిగితే బిల్లు పెట్టమన్నారు. బిల్లుతో పాటు సంబంధిత ధ్రువపత్రములు ఏవో జతపరచాలట.