పీఈ గ్యాసు పైపు: నొక్కితే ఆగే గుణం గురించి, చాలాకాలం వాడాక

వీధి గ్యాసు లైన్లకు వేసే నారింజ రంగు పీఈ-100 (పాలిథిలీన్ ప్లాస్టిక్) పైపు తుప్పు పట్టదనీ, తేలికనీ, ఉక్కు కంటే త్వరగా పరచవచ్చనీ అందరికీ తెలిసిందే కనుక ఆ సంగతుల జోలికి పోను. కోనసీమలో ఈ పైపు పరిచే పనీ, తెగినచోట అతికే పనీ చాలాకాలంగా కాంట్రాక్టుకు చేస్తున్న నాకు దీనిమీద ఇంత మక్కువ కలగడానికి కారణం ఒక్కటే. లోపల గ్యాసు పారుతూ ఉండగానే ఈ పైపును బయటినుంచి రెండు కడ్డీల మధ్య పెట్టి నొక్కి మూసేయవచ్చు. పని పూర్తయ్యాక నెమ్మదిగా వదిలితే అది మళ్లీ గుండ్రబడుతుంది.

ఉక్కు లైనుకు ఈ సౌకర్యం లేదు. అది కారితే దగ్గరలోని వాల్వు దాకా వెళ్లి మూయాలి, రెండు వాల్వుల మధ్య ఉన్న గ్యాసంతా బయటికి వదలాలి, ఆ భాగం మీద ఆధారపడిన కనెక్షన్లన్నీ ఆగిపోతాయి. మామిడికుదురు మండలం నగరం గ్రామంలో 2014 జూన్ 27న పెద్ద ఉక్కు లైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయిన నాటినుంచి మా ప్రాంతంలో గ్యాసు వాసన వస్తే జనం నిలబడరు. ఆ లైనుకూ 4 బార్ పీడనం లోపు నడిచే వీధి లైనుకూ పోలిక లేదని నిలబెట్టి వివరించే వ్యవధి ఎవరికీ ఉండదు. వాసన ఎంత త్వరగా ఆగిందన్నదే వారికి ముఖ్యం. ఇక్కడ గొయ్యి తవ్వితే ఊట నీరు వెంటనే చేరుతుంది. ఎలక్ట్రోఫ్యూజన్ కప్లర్‌తో (కరెంటు వేడితో పైపును కరిగించి అతికే తొడుగుతో) అతకాలంటే పైపు పొడిగా ఉండి తీరాలి గానీ, నొక్కడానికి ఆ నియమం లేదు. ముందు గ్యాసు ఆపి, తర్వాత తీరుబడిగా నీరు తోడుకోవచ్చు.

ఇన్నాళ్లూ ఇంత ధీమాగా ఉన్న నాకు ఒక కాలువగట్టు పని కొంచెం జాగ్రత్త నేర్పింది. డ్రెయిను తవ్వుతున్న జేసీబీ పన్ను తగిలి 125 మిల్లీమీటర్ల లైను చీలింది. స్థిర విద్యుత్తు వల్ల నిప్పురవ్వ పుట్టకుండా తడి గుడ్డ చుట్టి, దాని కొస మట్టికి ఆనించి, హైడ్రాలిక్ పరికరాన్ని బిగించాము. కడ్డీలు హద్దు మించి దగ్గరకు రాకుండా అడ్డుకునే స్టాపర్లకు తగిలి ఆగిపోయినా గ్యాసు హోరు తగ్గిందే తప్ప ఆగలేదు. పరికరం పాడైందని కొందరు, ఇంకా బిగించమని కొందరు. స్టాపర్లు తీసేసి బిగిస్తే పైపు గోడ నలిగి పనికిరాకుండా పోతుంది కనుక నేను ఒప్పుకోలేదు. చివరికి పైపుమీది బురద తుడిచి, దానిమీద అచ్చువేసిన వివరాలు చదివితే అసలు కారణం బయటపడింది. డ్రాయింగులో ఉన్నది ఎస్‌డీఆర్ 11 పైపు, మేము స్టాపర్లు పెట్టినదీ దానికే. ఎస్‌డీఆర్ అంటే బయటి వ్యాసాన్ని గోడ మందంతో భాగిస్తే వచ్చే సంఖ్య; అది పెరిగితే గోడ పలచన. అక్కడ భూమిలో ఉన్నది ఎస్‌డీఆర్ 17.6.

125 మిల్లీమీటర్ల సైజులో మొదటిదాని గోడ మందం 11.4 మిల్లీమీటర్లు, రెండోదానిది 7.1. మందపు పైపు రెండు గోడలూ కలిసి సుమారు 30 శాతం అణిగేలా స్టాపర్లు పెడితే కడ్డీల మధ్య దాదాపు 16 మిల్లీమీటర్ల ఎడం మిగులుతుంది. పలచని పైపు రెండు గోడలూ కలిపినా 14.2 మిల్లీమీటర్లే, అంటే ఆ ఎడంలో అవి ఒకదానికొకటి ఆనుకోనే లేదు. సరైన స్టాపర్లు తెప్పించి మార్చాక హోరు ఆగిపోయింది.

సరుకు పంపిన వ్యాపారి ఒకే లోడులో రెండు రకాల కాయిళ్లు కలిపేశాడు. పైపు నాసిరకం కాదు, పలచనిదైనా 4 బార్ నిక్షేపంగా తట్టుకుంటుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. బయటి వ్యాసం ఒకటే కనుక కప్లర్లు చక్కగా ఎక్కాయి, గాలి పరీక్షలోనూ నెగ్గింది, తెగేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. ఉక్కు పైపు కొన్నప్పుడు ఒక్కొక్క పైపు హీట్ నంబరూ (ఉక్కు ఏ విడతలో కరిగించినదో తెలిపే సంఖ్య) సర్టిఫికెట్‌తో సరిచూసే మనవాళ్లు, ప్లాస్టిక్ కాయిల్ దగ్గరికి వచ్చేసరికి రంగూ వ్యాసమూ చూసి సంతకం పెట్టేస్తారు.

మరికొన్ని పరిమితులు కూడా చెప్పాలి. ఒకసారి నొక్కినచోట రెండోసారి నొక్కకూడదు, అందుకే అక్కడ గుర్తు వేసి ఉంచాలి. అతుకు నుంచి కనీసం మూడు వ్యాసాల దూరం వదలాలి కనుక టీ (లైను చీలే మూడు దారుల అతుకు) దగ్గర తెగితే గొయ్యి పొడుగవుతుంది. పెద్ద సైజుల్లో ఎంత బాగా నొక్కినా కాస్త గ్యాసు జారవచ్చు, దాన్ని బయటికి పంపే ఏర్పాటు ఉండాలి. నొక్కితే లొంగే ఈ మెత్తదనమే జేసీబీ పంటికి కూడా లొంగుతుంది; ఉక్కు పైపు అయితే కోటింగు చిట్లి, సొట్టతో బయటపడే దెబ్బకు ఇది చీలిపోతుంది. బాగుచేయడం సులువని ఎప్పుడూ చెప్పే నేను, బాగుచేయవలసిన అవసరం దీనికే ఎక్కువగా వస్తుందని కూడా ఒప్పుకోక తప్పదు.

నీటి ఊట ఉన్న మెత్తని నేలలో, వాల్వులు దూరదూరంగా ఉన్న వీధుల్లో పనిచేసే నాకు ఈ పైపే కావాలి. రాతినేలలో, వాల్వులు దగ్గరదగ్గరగా ఉన్న పట్టణాల్లో చేసేవారికి ఈ గుణం అంత విలువైనదిగా అనిపించకపోవచ్చు. ఇప్పుడు మాత్రం ప్రతి కాయిల్ మీది అచ్చునూ లారీ దిగకముందే ఫొటో తీయించి, ఎస్‌డీఆర్ సంఖ్యను లైను పటంలో రాయించిన తర్వాతే బిల్లు మీద సంతకం పెడుతున్నాను.