పసుపు తోక డామ్సెల్: ఉప్పునీటి ట్యాంకుకు మొదటి చేప

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుంటామని వెళితే దుకాణంలో ముందుగా చూపించేవి డామ్సెల్ చేపలే. ధర తక్కువ, గట్టి ప్రాణం, కంటికింపైన రంగు. అయితే డామ్సెల్స్ అన్నీ ఒకే తీరువి కావు. హైదరాబాద్‌లో మా ఇంట్లో 200 లీటర్ల ట్యాంకులో ఉన్నది పసుపు తోక డామ్సెల్. వీటిలో నేను ధైర్యంగా కొనమని చెప్పేది దీన్నే.

ఒళ్లంతా మెరిసే నీలం, తోక పసుపు. మూడంగుళాలు దాటదు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వైపు పగడపు దిబ్బల్లో పుట్టే చేప. మేత వేస్తే నీటి మధ్యలోనే ఆగి ఒక్కో పలుకునూ చూసి మరీ అందుకుంటుంది. అందుకే చిటికెడు చిటికెడుగా వేస్తాను. లైటు ఆరగానే రాళ్ల మధ్య రోజూ ఒకే సందులోకి దూరుతుంది. క్లౌన్ చేప అటు వస్తే రెక్కలు విప్పి ఒక్కసారి తరుముతుంది, అంతటితో వదిలేస్తుంది.

డామినో డామ్సెల్ అలా వదలదు. పిల్లగా ఉన్నప్పుడు నల్లటి ఒంటిమీద మూడు తెల్ల చుక్కలతో ఎంతో ముద్దుగా ఉంటుంది. పెరిగితే అయిదంగుళాలు, చుక్కలు మాసిపోతాయి, మిగతా చేపలకు మేత దగ్గర కూడా చోటివ్వదు. దాన్ని పట్టాలంటే రాళ్లన్నీ బయటకు తీయాలి. ఈ సంగతి అమ్మేవాళ్లు ముందే చెప్పాలి, చాలామంది చెప్పరు.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఇంకో సలహా: కొత్త ట్యాంకులో నాలుగు డామ్సెల్స్ వేసేస్తే నీళ్లు కుదురుకుంటాయని. కుదురుకునేది బాక్టీరియా వల్ల. అది చేప విసర్జనలోంచి వచ్చే విషపు అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ వారాలన్నీ చేప మొప్పలు అమ్మోనియాకు కాలుతూనే ఉంటాయి. చావలేదు కదా అని దాన్ని అందులో ఉంచడం అన్యాయం. అమ్మోనియం క్లోరైడ్ చుక్కలతో చేప లేకుండానే ఈ పని పూర్తవుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపను తెచ్చుకోండి.

మన ఎండాకాలంలో నీళ్లు త్వరగా ఇగురుతాయి, ఉప్పు మాత్రం అడుగంటకుండా నీళ్లలోనే చిక్కబడుతుంది. తగ్గినంత మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయాలి. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 దగ్గర నిలబెడతాను. నీటి పైన చిన్న ఫ్యాను పెడితే వేడి దిగుతుంది, కానీ ఇగరడం ఇంకా పెరుగుతుంది కాబట్టి రోజూ చూసుకోవాలి.

నెమ్మదైన చేపలు కూడా పెంచాలనుకుంటే వాటిని ముందు వదిలి, డామ్సెల్‌ను చివర్లో వదలండి. 100 లీటర్లలోపు ట్యాంకుకు ఇది వద్దు. కొనేటప్పుడు సముద్రంలో పట్టింది కాకుండా హేచరీలో (చేపపిల్లల ఉత్పత్తి కేంద్రంలో) పుట్టిన పిల్ల ఉందేమో అడగండి. మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు క్లౌన్‌లతో పాటు కొన్ని డామ్సెల్ జాతులను కూడా హేచరీలో పిల్లలు చేయించారు.