షాక్ పంపు కొన్నాక తెలిసింది, సగం లీకు నా నిర్వాకమే

స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) వెనక షాక్‌లో, అంటే కుదుపులు తగ్గించే షాక్ అబ్జార్బర్‌లో, రాత్రి కొట్టిన గాలి తెల్లారేసరికి తగ్గిపోతోందని నెల రోజులు తల పట్టుకుని, చివరికి ఈ చిన్న చేతి పంపు కొన్నాను. ఒత్తిడి చూపించే డిజిటల్ గేజ్ ఉంది, 300 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా కొడుతుంది. పంపు మంచిదే, ముందే చెప్పేస్తున్నా.

ఎయిర్ షాక్‌లో స్ప్రింగు ఉండదు కదా, మన బరువూ బండి బరువూ మోసేది లోపలి గాలే. ఆ గాలి ఉండే చోటు మరీ చిన్నది. అందుకే గేజ్ తగిలించగానే ఖాళీ గొట్టం నిండడానికి షాక్‌లోంచే గాలి వస్తుంది, అంకె అక్కడికక్కడే పడిపోతుంది. నేను 150 కొట్టి తీసేసి, ఐదు నిమిషాలాగి మళ్ళీ పెడితే 138 చూపించింది. గుండె ఝల్లుమంది. ఎంతుందో ఊరికే చూసి, మళ్ళీ కొట్టకుండా తీసేయడం, రోజుకు రెండు మూడుసార్లు అదే పని. అంటే చూసిన ప్రతిసారీ కొంత గాలి నేనే వదిలేస్తున్నానన్నమాట! ఇప్పుడు పంపు పెట్టానంటే మళ్ళీ 150కి కొట్టే తీస్తాను.

తీసేటప్పుడు వచ్చే 'తుస్సు' కూడా అనవసరమైన టెన్షనే. ఈ పంపుకి కొసన ఒక మర ఉంది, దాన్ని వెనక్కి తిప్పితే లోపలి పిన్ను ముందు వాల్వ్‌ని వదిలేస్తుంది, ఆ తర్వాతే గొట్టం ఊడుతుంది. మనకు వినపడేది గొట్టంలో మిగిలిన గాలి చప్పుడు. నా పాత పంపుకి ఈ ఏర్పాటు లేదు, దాంతో ఎంత గాలి పోగొట్టుకున్నానో దేవుడికే తెలియాలి.

ఇక చలి. వెచ్చని గ్యారేజీలో 20 డిగ్రీల దగ్గర 150 కొట్టి, మైనస్ 20లోకి బండి తీస్తే చుక్క గాలి బయటికి పోకుండానే 127, 128కి దిగుతుంది. ఇందులో మాయేం లేదు, గాలి చల్లబడితే ఒత్తిడి తగ్గుతుందంతే. నేను మాత్రం ఆ మెత్తదనం చూసి గాలి బయటికి పోకుండా ఆపే సీల్ పోయిందని ఖాయం చేసేసుకున్నాను. ఇప్పుడు బండిని బయట గంటసేపు చల్లారనిచ్చి, వెనక భాగం స్టాండ్ మీదికెత్తి, షాక్ పూర్తిగా సాగాకే గాలి కొడుతున్నా.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా కొంచెం కొంచెం దిగుతూనే ఉంది. ఈసారి గేజ్ ముట్టుకోలేదు, వెనక బంపర్ నేలకు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి పొద్దున మళ్ళీ కొలిచాను. రెండు వేళ్ళు దిగింది. అంటే నిజంగానే లీకు. బండి గ్యారేజీలో పెట్టి వాల్వ్ మీద సబ్బు నీళ్ళు రాస్తే ఆవగింజంత బుడగ మెల్లగా ఉబ్బి, పగిలి, అక్కడే ఇంకోటి మొదలైంది. మొత్తం గాలి తీసేసి వాల్వ్ లోపలి కోర్‌ని (గాలిని ఆపే చిన్న మర ముక్క) కాస్త బిగించా, అంతే. షాక్ మొత్తం విప్పి బాగుచేయాలని చెప్పిన మెకానిక్ దగ్గరికి మళ్ళీ వెళ్ళే పని పడలేదు. వాల్వ్ దగ్గర ఏం లేకుండా సీల్ చుట్టూ బుడగలొస్తే మాత్రం సీల్ మార్చాల్సిందే, అది తెలిసినవాళ్ళకే వదిలేయండి, గాలి ఉండగా ఏదీ విప్పొద్దు. షాక్ ఊగిసలాటను అదుపుచేసే డ్యాంపర్‌లో విడిగా ఉండే నైట్రోజన్‌ జోలికి అసలు పోవద్దు, ఈ పంపు దానికి కాదు.

పంపులో నచ్చనివీ ఉన్నాయి. గడ్డకట్టే చలిలో తెర మీద అంకెలు బద్ధకంగా మారతాయి, కొట్టేశాక రెండు క్షణాలు ఆగితేగానీ అసలు అంకె తెలియదు. అందుకే దీన్ని కోటు లోపలి జేబులో పెట్టుకుని తిరుగుతున్నా. గొట్టం కర్రలా బిగుసుకుపోతుంది. గాలి వదిలే బటన్ మరీ చిన్నది, గ్లవ్ తీయకుండా నొక్కితే ఒకేసారి పది పీఎస్ఐ పోతుంది, మళ్ళీ కొట్టుకోవాలి. అన్నట్టు టైర్లకు గాలి పట్టే కంప్రెసర్ ఉంది కదా అని దీన్ని మానేయకండి, ఇంత చిన్న చోటుకి అది పనికిరాదు.

నాలుగు స్టార్లు. కోర్ బిగించే ఆ బుల్లి పనిముట్టు కూడా డబ్బాలో పెట్టి ఉంటే ఐదూ ఇచ్చేవాణ్ణి.