రైఫిల్ తూటా: కొన్నదా, ఇంట్లో నింపుకున్నదా? గురికి ఏది మేలు?

పోయిన నెల తెలిసిన తమ్ముడొకడు ఫోన్ చేసి, "అన్నా, రీలోడింగ్ సెట్ కొందామనుకుంటున్నా, ఏ ప్రెస్ మంచిది?" అని అడిగాడు. కాల్చేసిన తూటా గొట్టాన్ని ఇంట్లో మళ్లీ నింపుకోవడమే రీలోడింగ్, ఆ పనికి వాడే యంత్రం ప్రెస్. రైఫిల్ కొని ఎన్నాళ్లయిందంటే ఆర్నెల్లు అన్నాడు. ఇప్పటిదాకా ఎన్ని కాల్చావంటే కాసేపు లెక్కేసి, "రెండొందలు ఉంటాయేమో" అన్నాడు. అసలు ప్రెస్ కొనాలా అన్నది ఆ రెండొందలే చెప్పేస్తాయి.

అసలు విషయంలోకి వెళ్లేముందు చట్టం సంగతి. నేను రాసేది అమెరికాలో, టెక్సాస్‌లో నాకు అలవాటైన పని గురించి. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు. కాబట్టి హైదరాబాదులోనో విజయవాడలోనో చదివేవాళ్లు ఊరికే తెలుసుకోవడానికి చదవండి. అమెరికాలో సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, వ్యాపారంగా చేసి అమ్మితే కావాలి. అయితే మనవాళ్లు చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు తుపాకే కాదు, తూటా దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ నేరమే. వేట లైసెన్సు ఉండటంలాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. పైగా ఆ చట్టంలో తూటా అంటే నిండు తూటా ఒక్కటే కాదు. ఖాళీ గొట్టం, దెబ్బ తగిలితే నిప్పు రాజేసే ప్రైమర్, తుపాకి మందు, ముందుకు దూసుకెళ్లే బుల్లెట్, ఏది విడిగా ఉన్నా తూటా కిందే లెక్క. గ్రీన్ కార్డు రానివాళ్లు లాయరుతో మాట్లాడకుండా ప్రైమర్ల డబ్బా కూడా ఇంటికి తేవద్దు.

ఇక తూటా. అందులో ఉన్నవి నాలుగే వస్తువులు: ఇత్తడి గొట్టం, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. పేల్చాక మూడింటి పని అయిపోతుంది, ఇత్తడి మిగులుతుంది. నాలుగింటిలో ఎక్కువ ఖరీదు సాధారణంగా దానిదే. ఉబ్బిన ఆ గొట్టాన్ని డైలో (ఉక్కు అచ్చులో) నొక్కి మళ్లీ కొలతకు తెచ్చి, పాత ప్రైమర్ తీసి, పొడుగు పెరిగితే కత్తిరించి, కొత్త ప్రైమర్ కూర్చి, మందు తూచి పోసి, పైన బుల్లెట్ దించడం. రీలోడింగ్ అంటే ఇంతే. చెప్పినంత తేలిక మాత్రం కాదు.

కొత్తవాడి ముందు మూడు దారులుంటాయి. కంపెనీ మ్యాచ్ తూటాలు, అంటే పోటీల కోసం చేసినవి, కొనుక్కోవడం. సింగిల్ స్టేజ్ ప్రెస్ మీద ఒక్కొక్కటిగా నింపుకోవడం. ప్రోగ్రెసివ్ ప్రెస్ కొని గంటకు వందల్లో తీయడం.

కొనుక్కునే తూటాను చాలామంది తక్కువగా చూస్తారు. అది పాతకాలపు మాట. రైఫిల్ తూటాల సైజుల్లో .308కి ఫెడరల్ వాళ్ల గోల్డ్ మెడల్, 6.5 క్రీడ్‌మోర్‌కి హోర్నడీ ఈఎల్‌డీ మ్యాచ్ లాంటివి, రైఫిల్ బాగుండి కాల్చేవాడి చెయ్యి కుదిరితే, 1 ఎంఓఏ లోపలే పడతాయి. ఎంఓఏ అంటే కోణం కొలత. 100 గజాల దూరంలో అది అంగుళం కంటే కాస్త ఎక్కువ, మన పది రూపాయల బిళ్ల వెడల్పంత. పది తూటాలూ ఆ బిళ్ల కింద దాక్కునేలా కొట్టగలిగితే మీరు మా రేంజులో సగం మంది కంటే మేలే.

చేత్తో నింపితే తప్ప గురి రాదనేవాళ్లు ఒకసారి .22 సైజు రైఫిల్ కాల్చేవాళ్లను చూడాలి. మన హైదరాబాదు గగన్ నారంగ్ లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అదే ఒలింపిక్స్‌లో ఆయన 50 మీటర్ల రైఫిల్‌లో కూడా పోటీపడ్డాడు. అక్కడ వాడేది .22 తూటా. అక్కడి పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. ఆ తూటాలో ప్రైమర్ విడిగా ఉండదు, మిశ్రమం గొట్టం అంచు లోపలే ఉంటుంది. పిన్ను దెబ్బ పడ్డాక ఆ అంచు చెడిపోతుంది, మళ్లీ నింపే ప్రశ్నే లేదు. మరి ఆ గురి ఎలా వస్తోంది? లాట్లు, అంటే ఒకే విడతలో తయారైన తూటాలు, ఏరుకోవడం వల్ల. ఎలీ, లపువా కంపెనీలకు ఇందుకోసమే టెస్ట్ రేంజులున్నాయి. షూటర్ తన రైఫిల్ తీసుకెళ్లి, ఏ లాట్ నంబరు దానికి నప్పిందో చూసి, ఆ నంబరువే పెట్టెలకు పెట్టెలు కొనుక్కుంటాడు. మనమూ అదే పని చిన్నగా చేయొచ్చు. మూడు నాలుగు రకాలు తలా ఒక పెట్టె కొని, ఒక్కోదాంతో పదేసి కాల్చి, నచ్చినదాన్ని ఒకే లాట్‌లో దొరికినన్ని తెచ్చుకోవాలి. మూడు తూటాల గ్రూపు (కాగితం మీద పడ్డ రంధ్రాల గుంపు) చూసి మురిసిపోకండి. మూడు దగ్గరగా పడటం అదృష్టం కావచ్చు, పదీ పడితే అది రైఫిల్ చెప్పే మాట.

కంపెనీ తూటాకు లోటు లేదని కాదు. ఆ కొలతతో ఉన్న ప్రతి రైఫిల్‌లోనూ దూరాలి కాబట్టి దాన్ని అందరికీ సరిపడేలా చేస్తారు, రెడీమేడ్ చొక్కాలాగా. బుల్లెట్ ఎంత లోతుకు దిగాలి, బ్యారెల్ గాడులకు అది ఎంత దగ్గరగా ఉండాలి అన్నది మీ రైఫిల్ కోసం ఎవరూ కొలవరు. లాట్ మారితే వేగం మారుతుంది. వేగంలో తేడా దగ్గర దూరంలో కనపడదు. సెకనుకు 50 అడుగుల తేడా వచ్చినా 100 గజాల దగ్గర కాగితం మీద మీకు తెలియదు. అదే 1000 గజాల దగ్గరైతే తూటా అడుగుకు పైగా కిందో మీదో పడుతుంది. అందుకే, మీరు 100, 200 గజాల రేంజు దాటి వెళ్లరా? అయితే రీలోడింగ్ వల్ల గురిలో వచ్చే లాభం మీ శ్వాసలో, ట్రిగ్గర్ మీద వేలిలో ఉన్న తప్పుల కింద మునిగిపోతుంది.

సింగిల్ స్టేజ్ దగ్గరికి వస్తే, నాకు ఇష్టమైనది ఇదే కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. ఆర్‌సీబీఎస్ వాళ్ల రాక్ చకర్, లీ క్లాసిక్ కాస్ట్, ఫోర్‌స్టర్ కో-ఆక్స్, ఏదైనా సరే. బల్లకు బిగించిన బరువైన ఇనుప ముద్ద, దానికో పొడుగాటి కాడ. ఒకసారి కాడ దించితే ఒక గొట్టానికి ఒక పని జరుగుతుంది. యాభై గొట్టాలు నొక్కడం అయ్యాక డై మార్చి తర్వాతి పని. మొదట్లో గంటకు యాభై తూటాలు కూడా రావు. ఆ నిదానమే కొత్తవాడికి రక్ష. ప్రతి గొట్టం ప్రతి దశలోనూ చేతిలోకి వస్తుంది, చీలిక ఉంటే కంటికో వేలికో తగులుతుంది.

ఇక మందు తూచడం. ఇక్కడి కొలత గ్రెయిన్. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు, మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజలో సగం అనుకోండి. వార్గెట్ లాంటి రైఫిల్ మందు పొడిలా ఉండదు, పెన్సిల్ ముల్లును సన్నగా తరిగినట్టు పలుకులు పలుకులుగా ఉంటుంది. త్రాసు పళ్లెంలో ముప్పాతిక మందు పోసి, మిగతాది ట్రిక్లర్ గొట్టాన్ని వేలితో తిప్పుతూ రాల్చాలి. ఒక పలుకు పడుతుంది, అంకె కదలదు. ఇంకోటి, కదలదు. నాలుగోదో ఐదోదో పడ్డాక చివరి అంకె మారుతుంది. పలుకు బరువు గ్రెయిన్‌లో యాభయ్యో వంతు, మామూలు త్రాసు చూపేది పదో వంతు.

ఆ త్రాసు దగ్గరే నేను మొదటి ఏడాది బోల్తాపడ్డాను. జులై నెల, గ్యారేజీలో ఉక్క. పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని కూర్చున్నాను. నలభై నింపాక ఎందుకో అనుమానమొచ్చి చెక్ వెయిట్ (బరువు ముందే తెలిసిన తూకం రాయి) పెట్టి చూస్తే త్రాసు 0.4 గ్రెయిన్ తప్పు చూపిస్తోంది. ఎప్పటి నుంచి తప్పిందో తెలియదు. ఏవి మంచివో ఏవి కావో తెలియనప్పుడు నలభైకి నలభై విప్పాల్సిందే. దానికో సుత్తి ఉంటుంది. తూటాను అందులో బిగించి గట్టి దిమ్మ మీద కొడితే బుల్లెట్ ఊడుతుంది. రాత్రి ఒంటిగంట దాకా కొడుతూనే ఉన్నాను. మా ఆవిడ దిగొచ్చి, "ఈ వేళప్పుడు ఏం దంచుతున్నారు?" అంది. ఆ రోజు నుంచి ఫ్యాన్ ఆపి, పదింటికోసారి చెక్ వెయిట్ పెట్టి చూస్తాను.

కాబట్టి సెట్ కొనేటప్పుడు డబ్బు ప్రెస్ మీద కంటే త్రాసు మీద పెట్టండి. ఆ తర్వాత మంచి బుల్లెట్, ఒకే కంపెనీ ఇత్తడి. గొట్టం మెడ మాత్రమే నొక్కాలా, పూర్తిగా నొక్కాలా అన్న వాదన ఎప్పటికీ తెమలదు. నా ఓటు పూర్తిగా నొక్కడానికే, కాకపోతే గొట్టం భుజాన్ని (మెడ కింద వాలుగా ఉండే చోటును) అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన ఒకటి రెండు మాత్రమే వెనక్కి తోస్తాను. ఎక్కువ తోస్తే ప్రతిసారీ ఇత్తడి సాగి, అడుగు దగ్గర పలచబడి, ఒకరోజు అక్కడే తెగుతుంది. కాగితాల క్లిప్పును వంచి గొట్టం లోపలి గోడ వెంట గీస్తే, పలచబడ్డ చోట గాడిలా తగులుతుంది. తగిలిందా, ఆ గొట్టం చెత్తబుట్టలోకే.

ప్రోగ్రెసివ్ గురించి పెద్దగా చెప్పను. డిల్లాన్ ఎక్స్‌ఎల్ 750 లాంటి దాని మీద కాడ దించిన ప్రతిసారీ ఒక పూర్తి తూటా బయటికొస్తుంది. గంటకు నాలుగైదు వందలు తీసేవాళ్లున్నారు. వారం వారం పిస్టల్ పోటీలకు వెళ్లేవాళ్లకు, ఏఆర్-15 రైఫిల్‌తో .223 సైజు తూటాలు వందల్లో కాల్చేవాళ్లకు అది సరైన యంత్రం. గురి కోసం మొదలుపెట్టేవాడికి కాదు. అక్కడ మందును తూచరు, కొలపాత్రతో పోస్తారు. పలుకుల మందు అందులో ఇరుక్కుని ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడుతుంది. పైగా ఒకేసారి నాలుగైదు చోట్ల పని నడుస్తుంటుంది, దేన్ని గమనించాలో తెలియడానికే ముందు అనుభవం కావాలి. మందు విడిగా తూచి దీని మీదే పోటీ తూటాలు చేసుకునే ఉద్దండులు ఉన్నారు, కానీ వాళ్లంతా చాలా ఏళ్లు పనిచేసినవాళ్లు.

డబ్బు మిగులుతుందా? లెక్క చూడండి. 6.5 క్రీడ్‌మోర్ మ్యాచ్ తూటా నాకు ఒకటిన్నర నుంచి రెండు డాలర్ల మధ్య పడుతోంది. ఇంట్లో నింపితే, బుల్లెట్‌కు 45 సెంట్లు, మందుకు 30, ప్రైమర్‌కు 10, ఇత్తడి పదిసార్లు వాడతాం కాబట్టి ఇంకో 10, మొత్తం ఒక డాలరు లోపు. ప్రైమర్లు 2020కి ముందు వెయ్యి 35 డాలర్లకు వచ్చేవి, ఆ ధరలు మళ్లీ చూస్తామని నాకు ఆశ లేదు. తూటాకు 80 సెంట్లు మిగిలిందనుకున్నా, ప్రెస్, డైలు, త్రాసు, కొలిచే కాలిపర్, గొట్టం కత్తిరించే ట్రిమ్మర్ కలిపి 700 డాలర్లు అయితే దాదాపు తొమ్మిది వందల తూటాల తర్వాతే పెట్టుబడి తిరిగొస్తుంది. ఏడాదికి నాలుగొందలు కాల్చే మా తమ్ముడికి అది రెండేళ్ల పైమాట. నిజం చెప్పాలంటే నాకు ఒక్క డాలరూ మిగల్లేదు. చవకైందని రెట్టింపు కాలుస్తున్నాను.

ప్రమాదం సంగతి మాత్రం దాచకూడదు. ఎంత మందు పోయాలన్నది నేను ఇక్కడ రాయను, ఇంకెవరైనా నెట్‌లో రాసినా నమ్మొద్దు. మందు కంపెనీయో బుల్లెట్ కంపెనీయో అచ్చువేసిన పుస్తకం చూసి, అందులో ఉన్న కనిష్ఠం దగ్గర మొదలుపెట్టాలి. బల్ల మీద ఒకేసారి ఒకే మందు డబ్బా ఉండాలి. రెండో డబ్బా మూత తీసి ఉందంటే ఆ రోజు పని ఆపేయడమే. కళ్లద్దాలు తప్పనిసరి. ఫోన్ పక్క గదిలో. ఇత్తడి తోమేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుంది, చిన్నపిల్లలున్న ఇల్లయితే నీళ్లతో తోమడం మేలు. చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదని వేరే చెప్పాలా.

గురిగింజ తన నలుపెరగదంటారు. మా రేంజులో గ్రూపు చెదిరితే తూటాను తిట్టేవాళ్లే ఎక్కువ, తన భుజం గురించి మాట్లాడేవాడు ఒక్కడూ ఉండడు. అందుకే తమ్ముడికి ఏ ప్రెస్సూ చెప్పలేదు. మూడు రకాల మ్యాచ్ తూటాలు, తలా రెండు పెట్టెలు, మొత్తం నూట ఇరవై కొనమన్నాను. ఖాళీ గొట్టం ఒక్కటి కూడా పారేయొద్దన్నాను.

మొన్న శనివారం వచ్చాడు. రెండో రకం అతని రైఫిల్‌కు నప్పింది. పది తూటాలు 1.2 అంగుళాల్లో పడ్డాయి, మిగతా రెండూ రెండంగుళాల పైనే. జిప్ కవర్లో గొట్టాలన్నీ తెచ్చాడు. బల్ల మీద గుమ్మరిస్తే నూట ఇరవైకి బదులు నూట ఎనభై ఉన్నాయి. "పక్కవాళ్లు వదిలేసినవి కూడా ఏరుకొచ్చా అన్నా" అన్నాడు. అడుగున ముద్ర చూసి ఏ కంపెనీది ఆ కంపెనీకి వేరుచేయమని ఓ స్టూలు ఇచ్చి కూర్చోబెట్టాను. బియ్యంలో రాళ్లు ఏరినట్టు గంటన్నర ఏరాడు. ప్రెస్ మాట ఆ రోజు ఎత్తలేదు.