మీట ఉన్నంత మాత్రాన ఫిల్టర్ ఉన్నట్టు కాదు: ఫోనో ప్రీఆంప్ కొనేవారికి హెచ్చరిక

రికార్డులు వినడానికి విడిగా ఫోనో ప్రీఆంప్, అంటే రికార్డు సూది నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచి ఆంప్లిఫయర్‌కు పంపే పెట్టె, కొనబోతున్నవారు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. మీ స్పీకర్ పెట్టెకు ముందో వెనకో గుండ్రటి రంధ్రం, అంటే పోర్టు, ఉంటే మరీ జాగ్రత్తగా చదవండి. నేను కొన్న ప్రీఆంప్ వల్ల నా ఎడమ స్పీకర్ వూఫర్, అంటే లోతైన బేస్ స్వరాలు పలికించే పెద్ద భాగం, పాడైపోయింది. పాటలు హోరెత్తేలా పెట్టినందుకు కాదు, చెవికి వినిపించని కంపనాల వల్ల.

ఆ ప్రీఆంప్‌ను ఎంచుకున్నదే దాని ముందు పలక మీదున్న ‘సబ్‌సోనిక్ ఫిల్టర్’ మీట కోసం. చెవికి వినిపించనంత నెమ్మదైన కంపనాలను అడ్డుకునేదే ఈ ఫిల్టర్. ప్రకటనలోనూ, అట్టపెట్టె మీదా, లోపల పెట్టిన కాగితంలోనూ ఆ సదుపాయం ఉందనే రాశారు. మీట నొక్కితే చిన్న దీపం కూడా వెలుగుతుంది. అయినా కొంతకాలానికి, పియానో స్వరం నిలిచి ఉండాల్సిన చోట సన్నని వణుకు వినిపించసాగింది. ఆ తర్వాత డ్రమ్ మోగినప్పుడల్లా గరగర. ముందున్న జాలీ తీసి చూస్తే, పాట ఇంకా మొదలు కాకుండానే, సూది ఖాళీ గాడిలో నడుస్తుండగానే వూఫర్ కోను ముందుకీ వెనక్కీ ఊగిపోతోంది. మీట నొక్కినా తీసినా ఆ ఊపులో రవ్వంత తేడా లేదు.

మరమ్మతు చేసే ఆయన ప్రీఆంప్ మూత విప్పి చూపించారు. మీట కింద రెండు వరుసల కాళ్లున్నాయి. ఒక వరుస నుంచి దీపానికి రాగి గీత వెళ్తోంది. రెండో వరుసను టంకం పెట్టి బోర్డుకు అతికించారు, అంతే. అక్కడి నుంచి ఎటూ దారి లేదు. పక్కనే కెపాసిటర్లు ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రాలు వరుసగా కనిపించాయి. అంటే ఫిల్టర్ గీసిన బోర్డునే వాడి, భాగాలు మాత్రం పెట్టకుండా వదిలేశారు. దీపం మాత్రం మరచిపోలేదు. దీన్ని పొరపాటు అనడానికి నాకు మనసొప్పడం లేదు.

అమ్మినవారిని అడిగితే, స్పీకర్లకు జరిగిన నష్టంతో తమకు సంబంధం లేదన్నారు. స్పీకర్ తయారీదారులేమో కోను హద్దు మీరి కదిలినందువల్ల వచ్చిన నష్టం ఇది, తయారీ లోపం కాదు, వారంటీ వర్తించదన్నారు. వారి మాటలో న్యాయం ఉంది. ఆ వూఫర్‌ను అలా కదిలించింది వారు కాదు కదా.

అసలు ఏం జరుగుతుందో తెలిస్తే ఈ ఫిల్టర్ ఎందుకంత అవసరమో అర్థమవుతుంది. 33⅓ వేగంతో తిరిగే రికార్డుకు ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది. రికార్డు కొంచెం వంకర పోయి ఉంటే సూది ప్రతి చుట్టుకూ పైకీ కిందికీ లేచిపడుతుంది. ఆ కదలిక సంగీతం కాదని సూది బిగించి ఉన్న కార్ట్రిడ్జ్‌కు తెలియదు, దాన్నీ విద్యుత్ సంకేతంగా మార్చి పంపుతుంది. ఇవన్నీ ఒక హెర్ట్జ్ లోపు నుంచి కొన్ని హెర్ట్జ్ వరకు ఉండే కంపనాలు. మన చెవికి సుమారు 20 హెర్ట్జ్ కంటే కిందివి వినిపించవు. దీనికి తోడు టోన్‌ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ను మోసే చేయి), కార్ట్రిడ్జ్ కలిసి సహజంగా ఊగే పౌనఃపున్యం, అంటే సెకనుకు ఊగే సంఖ్య, ఒకటుంటుంది. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటే మంచిది. బరువైన ఆర్మ్‌కు, సూదిని పట్టి ఉంచే సస్పెన్షన్ మరీ మెత్తగా ఉన్న కార్ట్రిడ్జ్ బిగిస్తే 5, 6 హెర్ట్జ్‌లకు దిగిపోయి, రికార్డు వంకరలతో జత కలిసి ఊపును ఇంకా పెంచుతుంది.

ఇక ప్రీఆంప్ పని చూడండి. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి కోస్తారు. దాన్ని 1954 నాటి ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం) ప్రమాణం ప్రకారం ప్రీఆంప్ తిరిగి పెంచాలి. 20 హెర్ట్జ్ దగ్గర ఈ పెంపు, 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే, దాదాపు 20 డెసిబెల్స్, అంటే వోల్టేజీలో సుమారు పది రెట్లు. అడ్డుకునేది ఏదీ లేకపోతే ఆ వినబడని చెత్త కూడా అంతే పెరిగి ఆంప్లిఫయర్‌కు చేరుతుంది.

మూసి ఉన్న స్పీకర్ పెట్టెలోని గాలి కోనును కొంతైనా పట్టి ఉంచుతుంది. పోర్టు ఉన్న పెట్టెలో అలా కాదు. పోర్టును ఏ పౌనఃపున్యానికి శ్రుతి చేశారో దానికి కింద ఉన్న పౌనఃపున్యాల దగ్గర గాలి ఆ రంధ్రం గుండా తేలిగ్గా వచ్చిపోతుంటుంది, కోనుకు పట్టు దొరకదు. కోనును కదిలించే తీగచుట్టను వాయిస్ కాయిల్ అంటారు. అది కదిలే చీలికలో ఎడం మిల్లీమీటరులో కొద్ది భాగమే. కోను అతిగా, ఒంకరగా ఊగితే కాయిల్ అంచులకు రాసుకుంటుంది, వెనక పలకకు తగిలి నలిగిపోతుంది. నా గరగరకు కారణం అదే. బేస్ కోసమే విడిగా సబ్‌వూఫర్ పెట్టుకున్నవారు ఇంకా అప్రమత్తంగా ఉండాలి, కింది చెత్త అంతా దానికే వెళ్తుంది.

‘ఫిల్టర్ పెడితే బేస్ పోతుంది’ అని కొందరు వద్దంటారు. నేను ఒప్పుకోను. పియానోలో అట్టడుగు స్వరం 27.5 హెర్ట్జ్. బేస్ గిటార్‌లో అడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్. 20 హెర్ట్జ్ దగ్గర కోసే మంచి ఫిల్టర్ వీటికి హాని చేయదు. పెద్ద పైప్ ఆర్గన్ రికార్డులు వినేవారు మాత్రమే దీని గురించి ఆలోచించాలి.

కొనేముందు అమ్మేవారిని రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఫిల్టర్ ఏ పౌనఃపున్యం దగ్గర మొదలవుతుంది, ఆక్టేవ్‌కు (అంటే పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ) ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుంది. 20 హెర్ట్జ్ దగ్గర మొదలై ఆక్టేవ్‌కు 18 తగ్గించే ఫిల్టర్, 5 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి 36 డెసిబెల్స్ కోసేస్తుంది. ఆక్టేవ్‌కు 6 మాత్రమే తగ్గించేది అక్కడ 12 దగ్గరే ఆగుతుంది. ఆర్‌ఐఏఏ ప్రమాణానికి 1976లో ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) చేర్చిన సవరణ ఈ రెండో రకమే. దాన్ని చూపించి ‘మా దాంట్లో సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంది’ అంటే తృప్తిపడకండి. అంకెలు చెప్పలేనివారి దగ్గర కొనకండి.

వస్తువు చేతికి రాగానే ఈ పరీక్ష చేయండి. స్పీకర్ జాలీ తీసి, పక్క నుంచి కోను మీద వెలుతురు పడేలా దీపం పెట్టండి. కాస్త వంకర ఉన్న రికార్డు తీసుకుని, మామూలు వాల్యూమ్‌లో మొదటి ఖాళీ గాడిలో సూది దించండి. ఫిల్టర్ మీట ఆపి ఉంచినప్పుడు కోను ఊగాలి, వేయగానే ఆ ఊపు కంటికి కనిపించేంతగా తగ్గాలి. తగ్గకపోతే వెంటనే వాల్యూమ్ సున్నాకు తెచ్చి, ఆ ప్రీఆంప్‌ను ఊడదీయండి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు ఆంప్లిఫయర్ ఆపి, రెండు చేతుల వేళ్లతో కోనును అన్నివైపులా సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. గీరుతున్న చప్పుడు వస్తే కాయిల్ రాసుకోవడం మొదలైనట్టే.

టర్న్‌టేబుల్‌లోనే ప్రీఆంప్ ఉంటే దాని వెనక ఫోనో, లైన్ మీట చూసుకోండి. లైన్‌లో, అంటే లోపలి ప్రీఆంప్ పనిచేసేలా, ఉంచి ఆంప్లిఫయర్ ఫోనో ద్వారానికి కలిపితే సంకేతం రెండుసార్లు పెరిగి చెవులు చిల్లులు పడే వికృత ధ్వని వస్తుంది, సన్నని స్వరాలు పలికించే ట్వీటర్లు కాలిపోవచ్చు. సూది దించేటప్పుడు, ఎత్తేటప్పుడు వాల్యూమ్ తగ్గించండి. తీగలు మార్చేటప్పుడు ఆంప్లిఫయర్ ఆపేయండి. స్పీకర్లనూ టర్న్‌టేబుల్‌నూ ఒకే బల్ల మీద పెట్టకండి, స్పీకర్ కంపనం సూదికి చేరి మళ్లీ స్పీకర్‌లోకే వచ్చి హోరుగా మారుతుంది.

పైన చెప్పిన పరీక్షను ఫోనులో వీడియో తీయండి, మీట నొక్కడం, కోను కదలిక రెండూ ఒకే చిత్రంలో కనిపించాలి. తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే ఆ వీడియోతో కలిపి అమ్మినవారికి ఫిర్యాదు రాయండి. గడువు దాటాక నా దగ్గర మూత విప్పి తీసిన ఫొటోలున్నా వాటిని వారు చూడటానికి కూడా ఒప్పుకోలేదు.